పాత జబ్బుకు ఆరోగ్యశ్రీ వర్తించదా? అపోహలు - వాస్తవాలు

"సార్, మా నాన్నకు షుగర్ పదేళ్ల నుంచి ఉంది. పాత జబ్బులకు కార్డు పనిచేయదట కదా?" ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ రోగులకు సాయపడే ఆరోగ్యమిత్రగా నా కౌంటర్ దగ్గర ఎక్కువగా వినే మాట ఇదే. పనిచేస్తుంది. జబ్బు ఎప్పుడు మొదలైందని ఆరోగ్యశ్రీలో చూడరు. మీకు కావాల్సిన చికిత్స ప్యాకేజీల జాబితాలో ఉందా, ఈ ఆస్పత్రికి ఆ విభాగంలో అనుమతి ఉందా అనే చూస్తారు. ఆయుష్మాన్ భారత్‌లోనూ అంతే, పాత జబ్బులకు మొదటి రోజు నుంచే వర్తిస్తుంది.

ఆగాల్సిన గడువు ఉండేది ప్రైవేటు ఆరోగ్య బీమా పాలసీల్లో. ముందే ఉన్న జబ్బుకు మూడేళ్ల దాకా క్లెయిమ్ ఇవ్వకుండా కంపెనీ షరతు పెట్టవచ్చు. ఆ షరతును ఎవరో కార్డుకు అంటగట్టారు, ఊళ్లన్నీ తిరుగుతోంది. ఒక ఆటో డ్రైవరన్న ఆ మాట నమ్మి అప్పు చేసి భార్యకు పాలసీ తీసుకున్నాడు. ఆమెకు ఎప్పటి నుంచో షుగర్. ఫారంలో ఆ సంగతి రాయొద్దని ఏజెంటు చెప్పాడట. కిడ్నీలు దెబ్బతిని ఆస్పత్రిలో చేరాక పాత చీటీల్లో షుగర్ బయటపడింది, క్లెయిమ్ కొట్టేశారు. ఆరోగ్యశ్రీకి పనికొచ్చే తెల్ల రేషన్ కార్డు మాత్రం ఇంట్లో బీరువాలో భద్రంగా ఉంది! ఇప్పుడు ఆ అక్కకు డయాలసిస్ ఆ కార్డు మీదే, పైసా కట్టకుండా జరుగుతోంది. అప్పు మాత్రం ఇంకా తీరలేదు. భయంలో ఉన్నవాళ్లు ఎవరేం చెప్పినా నమ్ముతారు, వాళ్లను తప్పుపట్టలేను. తెలియకుండా చెప్పేవాళ్ల మీదే నా కోపం.

"ముందు డబ్బు కట్టేద్దాం, కార్డు తర్వాత చూద్దాం" అనేది ఇంకో అపోహ. ఇది నగదు రహిత పథకం. బిల్లు కట్టి డిశ్చార్జ్ అయ్యాక వస్తే నేను చేయగలిగింది ఏమీ ఉండదు. చేరిన రోజే మిత్ర దగ్గరికి రండి.

ఆరోగ్యశ్రీ చికిత్స ఖర్చుకు పరిమితి తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు. అది చేతికిచ్చే డబ్బు కాదు. నెలనెలా వాడే బీపీ, షుగర్ మాత్రలు ఇందులో రావు. అవి పీహెచ్‌సీలో, బస్తీ దవాఖానాలో ఉచితంగా ఇస్తారు. ఇంట్లో ఎవరైనా ఫ్యాక్టరీలోనో షాపులోనో చేస్తూ, జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్‌ఐ (ఉద్యోగుల బీమా) ఉందేమో అడగండి. ఉంటే ఓపీ, మందులు కూడా అందులో వస్తాయి.

డయాలసిస్ మొదలుపెట్టాలని డాక్టరు చెప్పారా? టెన్షన్ పడకండి. దగ్గర్లో ఏ నెట్‌వర్క్ ఆస్పత్రి (ఆరోగ్యశ్రీ అనుమతి ఉన్నది) ఉందో 104కు ఫోన్ చేసి కనుక్కోండి. రేషన్ కార్డు, ఆధార్‌తో పాటు పాత రిపోర్టులు, చీటీలు అన్నీ తీసుకెళ్లండి. జబ్బు పాతదని తెలిస్తే ఆపేస్తారేమోనని దాచిపెట్టకండి, అప్రూవల్‌కు మేం పంపేది ఆ కాగితాలే.