వెబ్‌సాకెట్‌లో మాస్కింగ్ ఎందుకు?

బ్రౌజర్, సర్వర్ ఎప్పుడైనా మాట్లాడుకోగల కనెక్షన్ వెబ్‌సాకెట్. అందులో బ్రౌజర్ తన డేటాని రూపం మార్చి పంపడమే మాస్కింగ్. అదెందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. మ్యాచ్ నడుస్తుంటే స్కోరు పేజీని మాటిమాటికీ రిఫ్రెష్ కొట్టిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. వెబ్ పేజీలు తెచ్చే పద్ధతి, హెచ్‌టీటీపీ తీరే అంత. బ్రౌజర్ అడిగితేనే సర్వర్ చెబుతుంది. కొత్త కబురు చేతిలో ఉన్నా తనంతట తాను నోరు విప్పదు.

1999లో మైక్రోసాఫ్ట్ తన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5లో, పేజీ కదలకుండా వెనకనుంచి డేటా తెచ్చుకునే వీలు కల్పించింది. 2005లో దానికి ఏజాక్స్ అనే పేరొచ్చింది. అయినా అడగడం తప్పలేదు. కొన్ని సెకన్లకోసారి అడగడం పోలింగ్. ఒకసారి అడిగి, జవాబు వచ్చేదాకా కనెక్షన్ పట్టుకుని కూర్చోవడం లాంగ్ పోలింగ్. 2006లో వెబ్ డెవలపర్ అలెక్స్ రసెల్ ఇలాంటి కిటుకులన్నిటికీ కలిపి కామెట్ అని పేరుపెట్టాడు. పని నడిచేది గానీ, చిన్న కబురుకు కూడా బోలెడు హెడర్లు, అంటే ప్రతి రిక్వెస్ట్‌తో వెళ్లే అదనపు వివరాలు, మోయాల్సి వచ్చేది.

ఇరువైపులా ఎప్పుడైనా మాట్లాడుకోగల కనెక్షన్ ఆలోచన, వెబ్ పేజీల భాషకి ప్రమాణమైన హెచ్‌టీఎంఎల్5 ముసాయిదాలో మొదలై, 2008లో వెబ్‌సాకెట్ అనిపించుకుంది. 2009 చివర్లో క్రోమ్‌లోకి వచ్చింది.

అసలు టెన్షన్ 2010 చివర్లో మొదలైంది. బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య, మనకి తెలియకుండా కూర్చునే ప్రాక్సీలు కొన్ని ఉంటాయి. ఇవి రిక్వెస్ట్‌లని అందుకుని ముందుకు పంపే మధ్యవర్తులు; వచ్చిన జవాబుల నకళ్లు కొన్ని దాచుకుంటాయి కూడా. వాటిలో కొన్నిటికి ఈ కొత్త ప్రోటోకాల్ (మాట్లాడుకునే పద్ధతి) అర్థం కాదు. దుర్బుద్ధి ఉన్న పేజీ, వెబ్‌సాకెట్ లోపలి డేటాని మామూలు హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ లాగా అల్లి పంపితే ప్రాక్సీ నమ్మేస్తుంది. దాడి చేసేవాడి సర్వర్ ఇచ్చిన స్క్రిప్టుని వేరే పేరున్న సైట్‌ది అనుకుని దాచుకుంటుంది. ఆపై ఆ ప్రాక్సీ వెనకున్న వాళ్లందరికీ అదే వడ్డిస్తుంది. ఈ ముప్పుని పరిశోధకులు బయటపెట్టాక ఫైర్‌ఫాక్స్, ఒపెరా వెబ్‌సాకెట్‌ని ఆపేశాయి. నిజానికి తప్పు ప్రాక్సీలది. బ్రౌజర్‌కి తగిలించే ఫ్లాష్, జావా ప్లగిన్లకీ ఇదే చిక్కు ఉండేది. కానీ ఊళ్లో ఉన్న ప్రాక్సీలన్నిటినీ ఎవరు బాగుచేస్తారు?

అందుకే 2011 డిసెంబరులో వచ్చిన వెబ్‌సాకెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 6455 బ్రౌజర్‌కి ఒక నియమం పెట్టింది. పంపే ప్రతి ఫ్రేమ్‌లో (డేటా ముక్కలో) ఉన్న సమాచారాన్నీ, అప్పటికప్పుడు ఎంచుకున్న 32 బిట్ల తాళంచెవితో ఎక్సార్ చేయాలి, అంటే బిట్టు బిట్టుకీ కలిపి రూపం మార్చాలి. ఇదే మాస్కింగ్. తీగ మీద ఏ అక్షరాలు వెళ్తాయో పేజీ రాసినవాడి చేతిలో ఉండకూడదు, అంతే. ఇది రహస్యం దాచడానికి కాదు. తాళంచెవి ఆ ఫ్రేమ్‌లోనే ఉంటుంది. సర్వర్ నుంచి వచ్చేదానికి ఈ మాస్కింగ్ ఉండదు.

ఇప్పుడు ఎక్కువ సైట్లు ఎన్‌క్రిప్ట్ చేసిన కనెక్షనే వాడుతున్నాయి. మధ్యలో ఉన్న ప్రాక్సీకి లోపల ఏముందో కనపడదు. అయినా 2018లో హెచ్‌టీటీపీ తర్వాతి రూపమైన హెచ్‌టీటీపీ/2 మీద వెబ్‌సాకెట్ నడిపే పద్ధతి ఖాయం చేసినప్పుడు కూడా మాస్కింగ్‌ని తీసేయలేదు.