యెల్లోస్టోన్ గీజర్ల యాత్ర: అపోహలు - వాస్తవాలు

భూగర్భంలో నీరు, వేడి కలిసి ఎలా ప్రవర్తిస్తాయో అధ్యయనం చేయడం నా వృత్తి. అందువల్ల అమెరికాలోని యెల్లోస్టోన్ జాతీయ వనానికి బృందంగా వెళ్లాలనుకునే మిత్రులు ప్రయాణం ఖాయం కాగానే నన్ను సంప్రదిస్తుంటారు, వీలున్నప్పుడు నేనూ వారితో వెళ్తుంటాను. వారు అడిగే ప్రశ్నల్లో కొన్ని అపోహలు మళ్లీ మళ్లీ వినిపిస్తుంటాయి. వీటిలో కొన్ని యాత్ర ప్రణాళికను మాత్రమే దెబ్బతీస్తాయి, మరికొన్ని ప్రాణాల మీదకు తెస్తాయి. 1872 మార్చి 1న ఏర్పడిన ఈ వనంలో పదివేలకు పైగా వేడినీటి బుగ్గలు, బురద గుంటలు, ఆవిరి రంధ్రాలు, వేడినీటిని ఉండుండి ఆకాశంలోకి చిమ్మే గీజర్లు ఉన్నాయి. ప్రపంచం మొత్తం మీద ఉన్న గీజర్లలో దాదాపు సగం, అంటే సుమారు 500, ఇక్కడే ఉన్నాయి కాబట్టి ఇక్కడికి వచ్చే ముందు వాటి స్వభావాన్ని కొంత తెలుసుకోవడం అవసరమని నా అభిప్రాయం.

అపోహ: ఇక్కడి ప్రసిద్ధ గీజరు ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ సరిగ్గా గంటకొకసారి ఎగజిమ్ముతుంది.

వాస్తవం: ఈ నమ్మకం పూర్తిగా ఆధారం లేనిది కాదు. గత శతాబ్దపు పూర్వార్ధంలో దాని సగటు విరామం గంటకు కాస్త ఎక్కువగా ఉండేది. 1959 ఆగస్టులో హెబ్గెన్ సరస్సు వద్ద 7.3 తీవ్రతతో వచ్చిన భూకంపం, 1983 అక్టోబరులో ఐడహో రాష్ట్రంలోని బోరా శిఖరం వద్ద వచ్చిన భూకంపం భూమి లోపలి నీటి దారులను కదిలించిన తరువాత ఆ విరామం పెరిగింది. ఇప్పుడు సగటున గంటన్నర పడుతోంది. ఒక్కోసారి గంట పైచిలుకుకే ఎగజిమ్ముతుంది, ఒక్కోసారి రెండు గంటలకు దగ్గరగా వేచి ఉండవలసి వస్తుంది.

అయినా తరువాతి విస్ఫోటం ఎప్పుడు వస్తుందో రేంజర్లు (వన సిబ్బంది) చెప్పగలుగుతున్నారంటే, అందుకు కారణం గడియారం కాదు, అంతకు ముందటి విస్ఫోటం ఎంతసేపు సాగిందన్న లెక్క. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఒక్కోసారి ఒకటిన్నర నిమిషం పాటు, ఒక్కోసారి అయిదు నిమిషాల దాకా నీటిని చిమ్ముతుంది. రెండున్నర నిమిషాల లోపే ఆగిపోతే లోపల వేడినీరు చాలావరకు మిగిలే ఉంటుంది కనుక గంట దాటిన కొద్దిసేపటికే మళ్లీ సిద్ధమవుతుంది. ఎక్కువసేపు సాగితే గొట్టం బాగా ఖాళీ అవుతుంది, అది తిరిగి నిండి వేడెక్కడానికి గంటన్నర పైనే పడుతుంది. ఇలా వేసిన అంచనాకు పది నిమిషాలు అటూ ఇటూగా విస్ఫోటం జరుగుతుంది. కాబట్టి సందర్శకుల కేంద్రంలో రాసిన సమయానికి పది నిమిషాల ముందే బెంచీల దగ్గరకు చేరుకోవాలి, పది నిమిషాలు దాటినా అక్కడి నుంచి కదలకూడదు. అంచనా సమయం దాటి మూడు నిమిషాలు కాగానే కార్ల వైపు నడక మొదలుపెట్టి, వెనుక నుంచి జనం కేకలు విని పరుగెత్తుకొచ్చే బృందాలు అక్కడ తరచూ కనిపిస్తాయి.

దాని నమ్మకత్వం శాశ్వతమైనదీ కాదు. గీజరు దిబ్బ మీద ఖనిజంగా మారిపోయిన చెట్ల కలపను పరీక్షించిన శాస్త్రవేత్తలు, సుమారు 800 ఏళ్ల క్రితం తీవ్రమైన కరవు కాలంలో అది కొన్ని దశాబ్దాల పాటు నీటిని చిమ్మడం మానేసిందని 2020లో ప్రకటించారు. మరిగే నీరు క్రమం తప్పకుండా పడే చోట చెట్లు పెరగవు కదా! నీటి లభ్యత తగ్గితే ఎంత పేరున్న గీజరైనా నిద్రలోకి జారుకుంటుందని చెప్పడానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం నాకు కనిపించలేదు.

అపోహ: సందర్శకుల కోసం రేంజర్లే సబ్బు వేసో, మీట నొక్కో గీజర్లను పనిచేయిస్తారు.

వాస్తవం: యెల్లోస్టోన్‌లో అలాంటిదేమీ జరగదు. న్యూజీలాండ్‌లోని లేడీ నాక్స్ గీజరులో మాత్రం రోజూ ఉదయం 10:15 గంటలకు సబ్బు లాంటి పదార్థం వేసి నీరు చిమ్మేలా చేస్తారు, ఈ ప్రచారానికి బహుశా అదే మూలం కావచ్చు. యెల్లోస్టోన్‌లో గీజరులో ఏ వస్తువు వేసినా నేరమే.

అపోహ: భూమి లోపల నీరు లావాకు తగలడం వల్ల గీజరు పేలుతుంది.

వాస్తవం: కరిగిన శిల కొన్ని కిలోమీటర్ల లోతున ఉంటుంది. గీజరు గొట్టంలో ఉన్న నీరు దాన్ని తాకదు. వాన నీరు, మంచు కరిగిన నీరు రాతి పగుళ్ల గుండా లోతుకు ఇంకి, శిలాద్రవం వేడికి కాలిన రాళ్ల మధ్య ప్రయాణించి, ఎంతో కాలానికి తిరిగి పైకి వస్తుంది. వచ్చేటప్పుడు ఇక్కడి రయొలైట్ అనే అగ్నిపర్వత శిలల్లోని సిలికా అనే ఖనిజాన్ని కరిగించుకుని వస్తుంది. ఆ సిలికాయే గీజరుకు ప్రాణం. అది పగుళ్ల గోడలకు పూతలా అంటుకుని, ఒత్తిడిని తట్టుకునే గట్టి గొట్టాన్ని తయారు చేస్తుంది.

అసలు విషయం ఒత్తిడిలో ఉంది. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ సముద్ర మట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉండటం వల్ల అక్కడ నేల మీద నీరు 93 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతుంది. అదే నీరు గొట్టంలో పది మీటర్ల లోతున ఉంటే, పైనున్న నీటి బరువు కారణంగా 110 డిగ్రీలు దాటినా మరగదు. వంటింట్లో ప్రెషర్ కుక్కర్ పనిచేసేదీ ఈ సూత్రం మీదే. అడుగున వేడి పెరిగి ఆవిరి బుడగలు పుట్టి, అవి గొట్టంలోని ఇరుకు చోటును దాటే క్రమంలో పైనున్న నీటిని కొంత బయటకు తోసేస్తాయి. అలా బరువు తగ్గిన క్షణంలో, అప్పటిదాకా మరగకుండా నిలిచి ఉన్న అడుగు నీరంతా ఒక్కసారిగా ఆవిరిగా మారి పైనున్న నీటిని ఆకాశంలోకి విసురుతుంది. 1846లో ఐస్‌లాండ్‌కు వెళ్లిన జర్మన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ బున్సెన్ అక్కడి గీజరు గొట్టంలోకి ఉష్ణమాపకాలు దింపి ఈ ఒత్తిడి సంగతిని వివరించాడు. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్‌లోకి కెమెరా దింపినప్పుడు సుమారు ఏడు మీటర్ల లోతున గొట్టం కేవలం పది సెంటీమీటర్ల వెడల్పుకు కుంచించుకుపోయి ఉన్నట్టు కనిపించింది. నలభై మీటర్ల ఎత్తుకు లేచే నీరంతా చేతి వెడల్పు ఉన్న ఆ సందులోంచే రావాలి!

వేడినీటి బుగ్గలు ప్రపంచంలో చాలా చోట్ల ఉన్నా గీజర్లు ఇంత అరుదుగా ఉండటానికి ఈ ఇరుకే ప్రధాన కారణం. వేడి, నీరు పుష్కలంగా ఉండి, దారి వెడల్పుగా ఉంటే నీరు లోపలే తిరుగుతూ చల్లబడుతుంది తప్ప పైకి చిమ్మదు.

అపోహ: గ్రాండ్ ప్రిస్మాటిక్ ఈ వనంలోని అతిపెద్ద గీజరు, దాని రంగులు ఖనిజాలవి.

వాస్తవం: అది గీజరు కాదు, సుమారు 110 మీటర్ల వెడల్పున్న వేడినీటి బుగ్గ. అది ఎంతసేపు చూసినా ఎగజిమ్మదు. అంచుల్లోని పసుపు, నారింజ, గోధుమ రంగులు వేడిని ఇష్టపడే సూక్ష్మజీవుల పొరలవి. నీరు అంచుకు వెళ్లే కొద్దీ చల్లబడుతుంది కనుక ఒక్కో ఉష్ణోగ్రత దగ్గర ఒక్కో రకం జీవులు స్థిరపడతాయి, ఆ వలయాలే మనకు రంగులుగా కనిపిస్తాయి. నడుమ ఉన్న నీరు ఆ జీవులు బతకలేనంత వేడిగా ఉండి, స్వచ్ఛంగా, లోతుగా ఉండటం వల్ల నీలంగా కనిపిస్తుంది. 1960లలో థామస్ బ్రాక్ ఈ వనంలోని వేడినీటిలో గుర్తించిన థెర్మస్ అక్వాటికస్ అనే బ్యాక్టీరియా నుంచి తీసిన ఎంజైమే తరువాతి కాలంలో పీసీఆర్ పరీక్షలకు ఆధారమైంది. చల్లని ఉదయం వేళ ఆవిరి దట్టంగా కమ్మి ఈ రంగులను దాచేస్తుంది కాబట్టి అక్కడికి ఎండ బాగా ఎక్కిన తరువాత వెళ్లడం మంచిది.

అపోహ: సమయం కేటాయిస్తే ప్రపంచంలోకెల్లా ఎత్తైన గీజరును కూడా చూసి రావచ్చు.

వాస్తవం: ఈ వనంలోనే నారిస్ బేసిన్‌లో (బేసిన్ అంటే గీజర్లు, వేడినీటి బుగ్గలు గుమిగూడిన పల్లపు ప్రాంతం) ఉన్న స్టీమ్‌బోట్ గీజరు తొంభై మీటర్లకు మించి నీటిని విసరగలదు, కానీ దానికి వేళాపాళా లేదు. 1911 నుంచి 1961 వరకు అది ఒక్కసారి కూడా భారీగా ఎగజిమ్మలేదు. 2018 మార్చిలో మేల్కొని 2019లో 48 సార్లు, 2020లో మళ్లీ 48 సార్లు చిమ్మింది, ఆ తరువాత జోరు తగ్గింది. ఎందుకు మేల్కొందో తృప్తికరంగా ఎవరూ తేల్చలేదు.

నా మిత్రులకు నేను సూచించేది గ్రాండ్ గీజరు. ముందుగా అంచనా వేయగల గీజర్లలో ప్రపంచంలో అదే ఎత్తైనది, అరవై మీటర్ల దాకా లేస్తుంది. విస్ఫోటాల మధ్య కొన్ని గంటల విరామం ఉంటుంది. బెంచీ మీద కూర్చుని ముందు గ్రాండ్ మడుగు నిండటం చూడాలి. నిండిన నీరు పొర్లి, సిలికా గట్టుపై పలుచగా పారుతుంది. పక్కనే ఉన్న టర్బన్ అనే చిన్న గీజరు సుమారు ఇరవై నిమిషాలకొకసారి ఎగజిమ్ముతుంటుంది. టర్బన్ మొదలయ్యే వేళకు గ్రాండ్ మడుగు మీద చిన్న అలలు లేచి గట్టును కొడుతుంటే అనుభవజ్ఞులు మాటలు ఆపేస్తారు. ఆ అలలు చల్లారిపోయి టర్బన్ ఒక్కటే మొదలైతే మరో ఇరవై నిమిషాలు ఆగవలసిందే. అలలు పెరిగి మడుగు మధ్య నీరు ఉబ్బితే, ఇక ఎదురుచూపు ముగిసినట్టే. మొదటి వెల్లువ తగ్గగానే వెళ్లిపోకూడదు, మడుగు ఖాళీ అయి నిశ్శబ్దంగా ఉన్న తరువాత కూడా రెండో వెల్లువ వచ్చే అవకాశం ఉంది. చాలాసార్లు అదే ఎత్తుగా ఉంటుంది.

వన అధికారులు ఓల్డ్ ఫెయిత్‌ఫుల్, గ్రాండ్‌లతో పాటు క్యాజిల్, డైసీ, రివర్‌సైడ్, గ్రేట్ ఫౌంటెన్ గీజర్లకు కూడా అంచనా సమయాలు ప్రకటిస్తారు. బృందంలో అందరికీ ఒకే ఓపిక ఉండదు కనుక, ఆ సమయాలు చూసుకుని ఇద్దరు ముగ్గురు గ్రాండ్ దగ్గర కూర్చుంటే మిగిలినవారు నదీతీరాన ఉన్న రివర్‌సైడ్ వైపు నడిచి వెళ్లవచ్చు. అక్కడ ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడలేము, ఎక్కడ కలుసుకోవాలో ముందే నిర్ణయించుకోవాలి. కళ్లద్దాల మీద, కెమెరా కటకం మీద గీజరు తుంపరలు పడితే ఆరకముందే తుడవాలి, ఆరితే సిలికా మరకలుగా గట్టిపడుతుంది.

అపోహ: ఫొటో కోసం చెక్క నడకబాట దిగి నాలుగడుగులు వేస్తే ఏమీ కాదు.

వాస్తవం: ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను. అక్కడ తెల్లగా, పొడిగా, గట్టి నేలలా కనిపించేది చాలా చోట్ల పలుచని సిలికా పెంకు మాత్రమే, దాని కింద మరిగే నీరు ఉండవచ్చు. ఆ పెంకు ఎంత మందంగా ఉందో పైనుంచి చూసి ఏ నిపుణుడూ చెప్పలేడు. ఈ వనంలో వేడినీటిలో పడి ఇప్పటివరకు ఇరవై మందికి పైగా మరణించారు. ఎలుగుబంట్ల వల్ల చనిపోయినవారి కంటే ఈ సంఖ్య చాలా ఎక్కువ. నారిస్‌లో నీరు చాలా చోట్ల మరిగేది మాత్రమే కాదు, ఆమ్లంతో కూడినది కూడా. పిల్లల చేయి వదలకూడదు, వెనక్కి నడుస్తూ సెల్ఫీలు తీసుకోకూడదు, టోపీ గాలికి ఎగిరి అవతల పడితే దాన్ని మరిచిపోవాలి. బైసన్ జంతువులు ఆ నేల మీదే తిరుగుతున్నాయి కదా అని కొందరు వాదిస్తారు. బైసన్ ఎముకలు కూడా ఆ మడుగుల్లో దొరికాయి. బైసన్లకు కనీసం 23 మీటర్ల దూరం, ఎలుగుబంట్లకు, తోడేళ్లకు 91 మీటర్ల దూరం పాటించడం కూడా నిబంధనే.

అపోహ: మడుగులో ఒక నాణెం వేస్తే ఏం నష్టం?

వాస్తవం: మార్నింగ్ గ్లోరీ మడుగును చూసి రండి. ఒకప్పుడు స్వచ్ఛమైన నీలంగా ఉన్న ఆ మడుగులోకి తరాల తరబడి సందర్శకులు నాణేలు, రాళ్లు, చెత్త విసిరారు. వేడినీరు వచ్చే దారి కొంత మూసుకుపోయి, నీరు చల్లబడి, అంచుల్లో ఉండవలసిన పసుపు, నారింజ జీవులు లోపలికి పాకాయి. 1950లో నీటి మట్టం తగ్గించి, బలవంతంగా ఎగజిమ్మించి శుభ్రం చేసినప్పుడు నాణేలు, చేతిరుమాళ్లు గుట్టలుగా బయటపడ్డాయి, అయినా పాత రంగు పూర్తిగా తిరిగి రాలేదు. వేల ఏళ్లుగా సిలికా పేరుకుని ఏర్పడిన దారిని ఎవరూ మరమ్మతు చేయలేరు. అందుకే ఈ విషయం తలచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

అపోహ: గీజర్లు జోరందుకుంటే ఈ వనం కింద ఉన్న మహా అగ్నిపర్వతం పేలబోతోందని అర్థం, పైగా దాని గడువు ఎప్పుడో దాటింది.

వాస్తవం: అగ్నిపర్వతాలకు గడువులుండవు. ఇక్కడ భారీ విస్ఫోటాలు సుమారు 21 లక్షలు, 13 లక్షలు, 6.4 లక్షల ఏళ్ల క్రితం జరిగాయి. చివరి లావా ప్రవాహం సుమారు 70,000 ఏళ్ల నాటిది. లోపలి శిలాద్రవంలో ఎక్కువ భాగం ఇప్పుడు ఘనరూపంలోనే ఉంది. స్టీమ్‌బోట్ మేల్కొన్నప్పుడు చాలామంది కంగారుపడ్డారు గానీ గీజర్ల మార్పులు నేలకు దగ్గరలోని నీటి దారులకు సంబంధించినవి. నిజంగా గమనించవలసిన ప్రమాదం వేరే ఉంది. 2024 జులై 23న బిస్కెట్ బేసిన్‌లోని బ్లాక్ డైమండ్ మడుగు వద్ద భూమి లోపలి నీరు హఠాత్తుగా ఆవిరై పేలి, రాళ్లు, బురద ఎగసిపడి నడకబాట విరిగింది. సందర్శకులు అక్కడే ఉన్నా అదృష్టవశాత్తూ ఎవరికీ గాయాలు కాలేదు. అది అగ్నిపర్వత విస్ఫోటం కాదు. అలాంటి పేలుళ్లను ముందుగా పసిగట్టడం ఇంకా కష్టమే, అందువల్ల ఏదైనా బేసిన్ మూసి ఉందని బోర్డు కనిపిస్తే వాదించకుండా వెనుదిరగాలి.

అపోహ: చలికాలంలో గీజర్లు గడ్డకట్టి ఆగిపోతాయి.

వాస్తవం: అవి ఏడాది పొడవునా ఎగజిమ్ముతూనే ఉంటాయి, చలిలో ఆవిరి మరింత దట్టంగా లేచి పక్కనున్న చెట్లపై మంచుపొరగా పేరుకుంటుంది. ఆగేవి గీజర్లు కావు, కార్లు. నవంబరు తొలి వారం నుంచి ఏప్రిల్ మూడో వారం దాకా వనంలోని చాలా రోడ్లు మామూలు వాహనాలకు మూసి ఉంటాయి, ఉత్తర ద్వారం నుంచి ఈశాన్య ద్వారానికి వెళ్లే రోడ్డు మాత్రమే ఏడాదంతా తెరిచి ఉంటుంది. డిసెంబరు మధ్య నుంచి మార్చి మధ్య వరకు ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ చేరాలంటే మంచు మీద నడిచే స్నోకోచ్‌లోనో, స్నోమొబైల్ మీదనో వెళ్లాలి. వాటిలో సీట్లు పరిమితం కనుక, బృందంగా వెళ్లేవారు బస, వాహనం రెండూ దొరికాయని నిర్ధారించుకున్న తరువాతే విమాన టికెట్లు కొనుక్కోవాలి.