చెట్టు నిండా కొంగలున్నా దోమ ఎవరి మీద వాలుతుంది?

శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచికి ఏటా వానలు మొదలయ్యే వేళకి నత్తగుల్ల కొంగలు వచ్చి గూళ్లు కడతాయి. ఊళ్లో వీటిని సైబీరియా పక్షులంటారు. నిజానికి ఈ జాతికి సైబీరియాతో సంబంధమే లేదు, దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాలే దీని ఇల్లు. పైన చెట్ల మీద పక్షులు, కింద మనుషులు, పశువులు, చుట్టూ వరిమళ్లు. దోమకి ఇంతకంటే ఏం కావాలి? అయినా అది దొరికిన ప్రతి ప్రాణి మీదా ఒకేలా వాలదు.

కుట్టేది ఆడదోమే. గుడ్లు తయారవ్వాలంటే దానికి రక్తంలోని ప్రొటీన్ కావాలి. దూరం నుంచి దారి చూపేది మన ఊపిరితో బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్, దగ్గరికొచ్చాక ఒంటి వాసన, వెచ్చదనం. నోనానాల్ అనే వాసన మనుషుల ఒంటి నుంచీ వస్తుంది, కోళ్లు, పావురాల నుంచీ వస్తుంది. మన ఇళ్లల్లో రాత్రిళ్లు కుట్టే క్యూలెక్స్ దోమ మీసాలు దాన్ని ఇట్టే పసిగడతాయని కాలిఫోర్నియాలో 2009లో తేల్చారు. మరి అందరి దగ్గరా అదే వాసన ఉంటే ఎంపిక ఎక్కడ జరుగుతున్నట్టు?

చాలావరకు పక్షి ఓపిక దగ్గరే. 1970ల మొదట్లో ఫ్లోరిడాలో కొంగజాతి పక్షుల దగ్గరికి దోమల్ని వదిలి చూశారు. పశువుల వెంట తిరిగే తెల్లకొంగ అస్సలు ఊరుకోదు. ముక్కుతో పొడుస్తుంది, తల విదిలిస్తుంది, కాళ్లు టపటపా కొడుతుంది. రాత్రిపూట వేటాడే నల్లనెత్తి కొంగ మాత్రం కదలకుండా నిలబడుతుంది. చేప కోసం నీళ్లల్లో శిలలా నిలబడే అలవాటు దానిది మరి! ఈకలు లేని చోట, కంటి చుట్టూ, కాళ్ల మీద, దోమ తీరిగ్గా కూర్చుని కడుపు నింపుకుంటుంది. ఎవరి రక్తం తీపి అని కాదు, ఎవరు తాగనిస్తారన్నదే అసలు లెక్క అని నాకనిపిస్తుంది.

అలాగని అంతా అదే అనుకోవడానికీ లేదు. దోమ పొట్టలోని రక్తం డీఎన్‌ఏ చూస్తే అది ఏ ప్రాణిదో తెలుస్తుంది. వాషింగ్టన్ ప్రాంతంలో అలా చూస్తే, లెక్కకి కొద్దిగానే ఉన్న అమెరికన్ రాబిన్ అనే పిట్టనే దోమలు ఎగబడి కుట్టాయి, ఊరంతా ఉన్న పిచ్చుకల్ని పెద్దగా పట్టించుకోలేదు. వేసవి చివర్లో రాబిన్‌లు చెదిరిపోయాక మనుషుల మీద పడ్డాయి. దోమలే మోసే వెస్ట్ నైల్ వైరస్ జ్వరాలు అక్కడ ఆ కాలంలోనే పెరుగుతాయి.

మన వరిమళ్లల్లో పుట్టే మరో రకం క్యూలెక్స్ దోమలకి మొదటి ఇష్టం పశువులు. ఇవే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనే మెదడువాపు జ్వరాన్ని మోస్తాయి. దాని వైరస్ తెల్లకొంగల్లాంటి నీటిపక్షుల్లోనూ పందుల్లోనూ పెరుగుతుంది. ఆవు ఒంట్లో దోమకి అంటేంతగా పెరగదు, అక్కడితో దాని దారి మూసుకుపోతుంది. పంది ఒంట్లో మాత్రం కొద్దిరోజుల్లోనే విపరీతంగా పెరిగి, కుట్టిన దోమకల్లా అంటుకుంటుంది. పందుల దొడ్లు ఇళ్లకి దూరంగా పెట్టమని ఆరోగ్య సిబ్బంది చెప్పేది ఇందుకే.