గండం రాత్రికే ఎందుకు?

"మధ్యాహ్నం ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. రాత్రి పదకొండింటికి పిలిచి, మందులు పెంచాం, తెల్లారేదాకా చెప్పలేం అన్నారు. ఇంతలో ఏమైంది సార్?" పసిపిల్లల గుండె ఆపరేషన్ల మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇది. బిడ్డ ఐసీయూలో ఎన్నాళ్లుంటాడన్నది చాలామటుకు ఈ మొదటి రాత్రే తేలుతుంది.

గుండెకు నాలుగు గదులన్న పాఠం బడిలో విన్నదే, వదిలేద్దాం. రెండు పెద్ద నాళాలు తారుమారై పుట్టిన బిడ్డను తీసుకుందాం. వాటిని కోసి, చోట్లు మార్చి కుట్టాలంటే గుండె కదలకూడదు. బృహద్ధమనికి క్లాంప్ (నాళాన్ని నొక్కి మూసే పట్టకారు) వేసి, పొటాషియం ద్రవంతో గుండెను ఆపుతారు. ఒంటికి రక్తం గుండె, ఊపిరితిత్తుల పని చేసే మెషీన్ తోడుతుంది. కుట్లు పూర్తయ్యాక క్లాంప్ తీస్తే గుండె మళ్లీ కొట్టుకుంటుంది. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

ఇలాంటి పిల్లల్ని గమనించిన బోస్టన్ వైద్యులు 1995లో లెక్కలు ప్రచురించారు. మొదటి రాత్రి గుండె తోడే రక్తం సగటున మూడో వంతు దాకా తగ్గింది. మరీ అడుగంటింది క్లాంప్ తీసిన 9 నుంచి 12 గంటల మధ్య. ఉదయం బల్ల మీదికి తీసుకెళ్లిన బిడ్డకు పన్నెండింటికి క్లాంప్ తీశారనుకోండి, ఆ గడియ రాత్రి తొమ్మిదికీ పన్నెండుకీ మధ్య పడుతుంది. ముహూర్తం చూసి ఆపరేషన్ పెట్టించుకునేవాళ్లున్నారు, అమావాస్య రాత్రి కాబట్టే అలా అయిందనేవాళ్లూ ఉన్నారు. ఈ గడియారానికి తిథితో పని లేదు, క్లాంప్ ఎప్పుడు తీశారన్నదే దాని లెక్క.

మఠం వేసుకుని చాలాసేపు కూర్చుని లేచినప్పుడు కాలు చూడండి. నొక్కి ఉంచినంతసేపు ఊరుకుంటుంది, వదిలాకే జివ్వుమంటుంది, అడుగు వేస్తే కూలబడతాం. కాలిది నరాల గొడవ, నిమిషాల్లో సర్దుకుంటుంది. గుండెది కండరం గొడవ, గంటలు పడుతుంది. రక్తం తిరిగి రాగానే కణాల్లోకి కాల్షియం అదుపు తప్పి చొరబడుతుంది, కణాలను దెబ్బతీసే ఆక్సిజన్ రాడికల్స్ పుడతాయి, సంకోచించే ప్రొటీన్లు మొద్దుబారతాయి. మెషీన్ ప్లాస్టిక్ గొట్టాలను తాకిన రక్తం కాంప్లిమెంట్ అనే, వాపు పుట్టించే రక్షణ ప్రొటీన్లను రేపుతుంది. సన్న రక్తనాళాలు కారి గుండె కండరమే ఉబ్బుతుంది. పైగా పుట్టిన వారం రోజుల గుండె కణంలో కాల్షియం నిల్వ చాలా తక్కువ, రక్తంలోని కాల్షియం మీదే బతుకు. అందుకే ఆ మోతాదు కొద్దిగా పడిపోయినా పట్టు సడలుతుంది. కాలికైతే కాసేపు విశ్రాంతి ఇస్తాం. గుండెకు ఆ వీలు లేదు, తిమ్మిరెక్కిన కాలితోనే పరుగెత్తాలి.

ఉబ్బిన గుండె రొమ్ములో ఇరుక్కుంటుందనుకుంటే సర్జన్లు రొమ్ము ఎముకను మూయకుండా పైన పొర కప్పి, ఒకటి రెండు రోజులాగి మూస్తారు. అద్దంలోంచి చూసిన తల్లిదండ్రులు హడలిపోతారు. ముందే ఒక్క మాట చెబితే ఏం పోతుంది?

ఆ రాత్రి నర్సు చేసేది గమనించాలి. మానిటర్ కంటే ముందు బిడ్డ పాదం పట్టుకుంటుంది. చర్మాన్ని నొక్కి వదిలి, రంగు తిరిగి రావడానికి ఎన్ని సెకన్లు పడుతుందో లెక్కపెడుతుంది. పాదం చల్లబడుతూ, మూత్రం గంటకు కిలోకు ఒక మిల్లీలీటరు కన్నా తగ్గి, ఆక్సిజన్ చాలని కణాలు వదిలే లాక్టేట్ రక్తంలో పెరుగుతుంటే శరీరానికి రక్తం చాలట్లేదని అర్థం.

మిల్రినోన్ అనే మందు ఇక్కడికే వస్తుంది. గుండెకు బలమిస్తూనే నాళాలను వదులు చేస్తుంది. 2003లో వెలువడిన ఒక పరీక్షలో ఉత్తుత్తి మందు ఇచ్చిన పిల్లల్లో సుమారు 26 శాతం మందికి ఈ పతనం వస్తే, మిల్రినోన్ ఎక్కువ మోతాదులో ఇచ్చినవాళ్లలో సుమారు 12 శాతానికే వచ్చింది.

ఈ గండం దాటాక మూత్రం ధారాళంగా వస్తుంది, వాపు దిగుతుంది, వెంటిలేటర్ తీసే మాట అప్పుడే వస్తుంది. పై గదుల మధ్య చిన్న రంధ్రం మూసిన పిల్లలు ఒకటి రెండు రోజుల్లో వార్డుకు వెళ్లిపోతారు. నాళాలు మార్చిన పసికందుకు వారం పట్టడం మామూలే. ఇంకా ఆలస్యమైతే కారణం తరచుగా గుండె కాదు: ఇన్ఫెక్షన్, ఊపిరికండరానికి వెళ్లే నరం దెబ్బతినడం, లేదా ఛాతీలో ఊపిరితిత్తుల చుట్టూ పాలలా తెల్లగా ఉండే శోషరసం (లింఫ్) చేరడం. చివరిదైతే మామూలు పాలు ఆపి, వేరే రకం కొవ్వున్న ప్రత్యేక పాలు పట్టాల్సి ఉంటుంది.