కంద దురద, కుక్కపిల్ల చొంగ

విజయనగరం కంటోన్మెంట్ నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "మా లాబ్రడార్ పిల్ల మనీప్లాంట్ ఆకు నమిలేసింది. ఒకటే చొంగ కారుస్తోంది. అది విషమా అండీ? మొక్క పీకేయాలా?"

విషమే. కానీ సాధారణంగా ప్రాణం తీసేంత విషం కాదు. కంద తరిగి చేతులు దురద పెట్టినవాళ్లకు ఇది సగం తెలిసిన సంగతే. కంద, చేమ, మనీప్లాంట్ మూడూ అరేసీ కుటుంబానివే. మనీప్లాంట్ పుట్టిల్లు ఎక్కడో పసిఫిక్ మహాసముద్రంలోని మోరియా దీవి. అయినా మన పెరటి చేమతో చుట్టరికం పోలేదు.

ఈ మొక్కల ఆకుల్లో, కాడల్లో ఇడియోబ్లాస్టులనే ప్రత్యేక కణాలుంటాయి. వాటిలో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు మొనదేలిన సూదుల్లా కట్టలు కట్టలుగా పేర్చి ఉంటాయి. ఇవే రాఫైడ్లు. ఇంటర్ బాటనీలో వీటి బొమ్మ వేయించి వదిలేస్తాం. మొక్క ఆ సూదులు ఎందుకు చేసుకుందో కూడా చెబితే పిల్లలు జన్మలో మరిచిపోరు!

ఆకు నమలగానే కణం చితికి సూదులు నాలుకలో, చిగుళ్లలో దిగుతాయి. 2014లో జపాన్ శాస్త్రవేత్తలు కివీ పండు రాఫైడ్లనూ, ప్రొటీన్లను తెగ్గొట్టే ప్రోటియేజ్ ఎంజైమునూ ఆముదపు ఆకుల మీద పూసి ఎరి పట్టుపురుగులకు పెట్టారు. విడివిడిగా పెడితే పెద్దగా ఏమీ కాలేదు. రెండూ కలిపి పెడితే పురుగులు చచ్చిపోయాయి. సూది కన్నం వేస్తుంది, ఎంజైము ఆ దారిన లోపలికి పోతుంది. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి. చేమ సూదుల మీదా ఇలాంటి ప్రొటీన్ దొరికింది. కంద ఉడికాక దురద తగ్గడానికి ఒక కారణం ఇదే కావచ్చు: వేడికి స్ఫటికం కరగదు గానీ ప్రొటీన్ పాడైపోతుంది. మనం ఉడికించి, చింతపండు పులుసు పోసి తింటాం. కుక్కపిల్ల పచ్చిదే నమిలింది.

ఈ స్ఫటికాలు నీళ్లలో దాదాపు కరగవు, అందుకే రక్తంలోకి పెద్దగా చేరవు. బాధంతా నోట్లో, గొంతులోనే. తడిగుడ్డతో నోరు తుడవండి, నీళ్లు పెట్టండి, కాస్త పెరుగు పెట్టినా మంచిదే. వాంతి చేయించాలని ఉప్పునీళ్లు మాత్రం పట్టొద్దు, ఉప్పు ఎక్కువైతే అదే కుక్కకు విషం. మూతి వాచినా, ఊపిరి కష్టమైనా, వాంతులు ఆగకపోయినా పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

మొక్క పీకేయనక్కర్లేదు. దొంగిలించి నాటితేనే డబ్బు నిలుస్తుందన్న నమ్మకాన్ని పక్కన పెట్టి, తీగను కుక్క మూతికి అందనంత ఎత్తున కట్టండి.

నాకు నిజంగా టెన్షన్ పెట్టేవి వాకిట్లోని గన్నేరు, అలంకారానికి పెంచే సైకస్. గన్నేరు గుండె లయను చెడగొడుతుంది. సైకస్ గింజల్లోని సైకసిన్ కాలేయాన్ని నాశనం చేస్తుంది. వీటిలో ఏది నమిలినా లక్షణాల కోసం ఎదురుచూడకుండా, ఆ కొమ్మో గింజో చేత పట్టుకుని వెంటనే డాక్టరు దగ్గరికి బయలుదేరాలి.