ఉచిత కాష్ బిల్లుకెక్కిన వైనం

క్లౌడ్‌లో అప్లికేషన్లు నడిపేవారి నోట రెండు ఫిర్యాదులు తరచూ జంటగా వినిపిస్తాయి. కాష్‌లో (మళ్లీ మళ్లీ కావలసిన సమాచారాన్ని వేగంగా అందించే తాత్కాలిక మెమరీలో) దాచింది చెప్పాపెట్టకుండా మాయమవుతోందన్నది ఒకటి, నెల బిల్లు తడిసి మోపెడవుతోందన్నది రెండోది. వేర్వేరు సమస్యల్లా కనిపించే ఈ రెండింటినీ కలిపిన ముడి ఎప్పుడు పడిందో తెలియాలంటే ఇతరుల అప్లికేషన్లను గూగుల్ సర్వర్లలో నడిపిపెట్టే సేవ, గూగుల్ యాప్ ఇంజిన్ చరిత్ర చూడాలి.

అంతకుముందు కాష్ ఎవరికి వారే నడుపుకునేవారు. 2003లో లైవ్‌జర్నల్ అనే బ్లాగుల సైట్ కోసం బ్రాడ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ మెమ్‌కాష్డ్ అనే కాష్ ప్రోగ్రామ్ రాశారు. సర్వర్లలో ఖాళీగా ఉన్న మెమరీని కలిపి వాడుకుంటే, ప్రతి పేజీకీ డేటాబేస్‌ను కదపాల్సిన పని తప్పుతుందన్నదే ఆలోచన. చోటు నిండితే ఎవరూ అడగకుండా పడివున్న సమాచారాన్ని అది తీసేస్తుంది. సర్వర్ ఆగితే అందులో ఉన్నదంతా పోతుంది. అసలు సమాచారం డేటాబేస్‌లో భద్రంగా ఉంటుంది కాబట్టి దీన్ని ఎవరూ లోపమనుకోలేదు. పైగా మెమరీ ఎంత ఉందో, దాన్ని నింపుతున్నది ఎవరో నడిపేవారికి తెలిసేది.

2008 ఏప్రిల్‌లో మొదట 10,000 మంది డెవలపర్లకు తెరిచిన యాప్ ఇంజిన్‌లో ఈ ఎరుక పోయింది. అక్కడ మెమ్‌కాష్ అనే కాష్ సేవ ఉచితమే, కానీ అందరికీ ఉమ్మడి. ఎవరికెంత చోటన్న హామీ లేదు. మొత్తం అప్లికేషన్ల గిరాకీని బట్టి వీలైనంత ఇస్తామని మాత్రమే గూగుల్ పత్రాల్లో ఉంది. మరెవరి అప్లికేషన్‌కో రద్దీ పెరిగితే మన సమాచారం బయటికి పోవచ్చు, మన కోడ్‌లో తప్పేమీ లేకపోయినా. దీన్ని పసిగట్టడానికి ఉన్న ఆధారాల్లో పనికొచ్చేది కాష్‌లో మిగిలిన అత్యంత పాత అంశం వయసు. నిన్న గంటల్లో ఉన్న ఆ అంకె ఇవాళ నిమిషాల్లోకి పడిపోయిందంటే చోటు కుదించుకుపోతోందన్నమాట. అయినా అప్పట్లో పెద్దగా గోల లేదు. వాడుకున్న సీపీయూ సమయానికి గంటకు 0.10 డాలర్ల చొప్పున లెక్క కట్టేవారు కాబట్టి, కావలసింది కాష్‌లో దొరక్కపోతే ప్రధానంగా పేజీ నెమ్మదించేది.

2011లో లెక్క మారింది. సీపీయూ గంటలు పోయి ఇన్‌స్టెన్స్ గంటలు వచ్చాయి. ఇన్‌స్టెన్స్ అంటే నడుస్తున్న ప్రోగ్రామ్ నకలు. అది పని చేస్తున్నా, యాప్ ఇంజిన్ డేటాబేస్ అయిన డేటాస్టోర్ జవాబు కోసం ఊరికే ఎదురుచూస్తున్నా మీటర్ తిరుగుతూనే ఉంటుంది. డేటాస్టోర్‌లో ప్రతి చదువుకూ (రీడ్) ప్రతి రాతకూ (రైట్) విడిగా ధర పెట్టారు: లక్ష చదువులకు 0.07 డాలర్లు, లక్ష రాతలకు 0.10 డాలర్లు. వినడానికి చిల్లరే. కానీ 20 అంశాల జాబితా చూపించే పేజీకి ఒక్కసారికి 21 చదువులు పడేవి, జాబితా అడిగే ప్రశ్నకు ఒకటి, అంశాలకు 20. పది లక్షల సార్లు తెరిస్తే 14.70 డాలర్లు అయ్యేది. కాష్ నిలిస్తే అందులో చాలాభాగం మిగిలేది. కాష్‌తో ఆదా కాని రాతల సంగతి మరీ ఘోరం: పది ఫీల్డులకు ఇండెక్స్ (వెతకడానికి వీలుగా ఉంచే సూచిక) ఉన్న కొత్త రికార్డు ఒకటి చేర్చితే 22 రాతల కింద లెక్క కట్టేవారు.

అలా కాష్ వేగం కోసం కాక డబ్బు ఆదా కోసం వాడే వస్తువైంది. పైథాన్ సృష్టికర్త గీడో వాన్ రోసమ్ గూగుల్‌లో ఉన్నప్పుడు డేటాస్టోర్ కోసం రాసిన ఎన్‌డీబీ లైబ్రరీ, చదివిన రికార్డులను తనంతట తానే మెమ్‌కాష్‌లో పెట్టేది. డెవలపర్లు దానిమీద ఆధారపడటం సహజమే. హామీ లేని వస్తువు మీద నెల ఖర్చు అంచనా నిలబడింది, అసలు చిక్కు అదే. కాష్ ఒక్కసారిగా ఖాళీ అయితే అభ్యర్థనలన్నీ డేటాస్టోర్ మీద పడతాయి. చదువుల ఖర్చు పెరుగుతుంది. జవాబులు ఆలస్యం కావడంతో ప్లాట్‌ఫామ్ కొత్త ఇన్‌స్టెన్సులను లేపుతుంది, వాటి గంటలూ బిల్లుకెక్కుతాయి. ఆ మెమరీని ఖాళీ చేసిందీ, అదనపు చదువులకు డబ్బు వసూలు చేసేదీ ఒకే సంస్థ. ఇందులో కుట్ర వెతకాల్సిన పని లేదు గానీ, వినియోగదారుడికి అనుమానం రావడంలో వింత కూడా లేదు.

2013లో గూగుల్ ప్రత్యేక మెమ్‌కాష్ తెచ్చింది. డబ్బు కడితే చోటు మనదే. తర్వాతి ధరల పట్టికల ప్రకారం ఒక జీబీకి గంటకు 0.06 డాలర్లు, 30 రోజుల నెలకు 43.20. సర్వర్ చెడితే సమాచారం పోయే ప్రమాదం అందులోనూ ఉంది. హామీ చోటుకే గానీ సమాచారానికి కాదు. చిన్న అప్లికేషన్లు నడిపేవారిలో చాలామందికి ఆ 43.20 డాలర్లు మొత్తం బిల్లు కన్నా ఎక్కువ.

2018లో మొదలైన కొత్త తరం రన్‌టైమ్‌లలో (యాప్ ఇంజిన్‌లో ప్రోగ్రామ్ నడిచే వాతావరణాల్లో) పాత ఉచిత మెమ్‌కాష్ లేదు. డబ్బు కట్టి వాడే గూగుల్ కాష్ సేవ మెమరీస్టోర్‌కు మారమని సలహా ఇచ్చారు. అందులో రెడిస్ అనే రకం తీసుకుంటే కనీసం ఒక జీబీ కొనాలి, వాడినా వాడకపోయినా గంటల లెక్కన కట్టాలి. 2021లో పాత సేవలను కొత్త రన్‌టైమ్‌లకూ తిరిగి అందించారు, వాటితోపాటే ఉమ్మడి మెమ్‌కాష్ కూడా, ‘వీలైనంత’ అన్న పాత షరతుతోనే వచ్చింది.