మొలలే అనుకున్నాం

హన్మకొండలో ఏ గల్లీలోకి తిరిగినా గోడ మీద ఒక రాత కనిపిస్తుంది: మొలలకు ఆపరేషన్ లేకుండా వైద్యం. మా చిన్నాయన అలాంటి చోటే ఏడాదిన్నర మందు వాడాడు. రక్తం పడుతోందని కారం మానేశాడు, మజ్జిగ పెంచాడు. చివరికి కొలనోస్కోపీ, అంటే మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష, చేస్తే పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ తేలింది. అప్పుడాయనకు 47 ఏళ్లు.

అది రాత్రికి రాత్రి పుట్టింది కాదు. ముందు పేగు లోపలి పొర మీద చిన్న బుడిపె లేస్తుంది, డాక్టర్లు పాలిప్ అంటారు. అన్నీ చెడ్డవి కావు. అడినోమా అనే రకంలో కొన్ని మాత్రం క్యాన్సర్‌గా మారతాయి, అదీ చాలావరకు పదేళ్లు, అంతకు మించి పట్టే పని. అన్నాళ్లూ నొప్పి ఉండదు, ఆకలి చావదు, మనిషి తన పనికి తాను పోతూనే ఉంటాడు.

కడుపు కోయకుండా ఆ బుడిపెను తీసే పద్ధతి 1969లో వచ్చింది. న్యూయార్క్‌లో హిరోమి షిన్యా, విలియం వోల్ఫ్ కొలనోస్కోప్ గుండా తీగ ఉచ్చు పంపి దాన్ని తెంపారు. ఏటా మలంలో రక్తం పరీక్ష చేస్తే ఈ క్యాన్సర్ చావులు మూడో వంతు తగ్గాయని 1993లో మిన్నెసోటా అధ్యయనం చూపింది. మరి ఏ బాధా లేనివాళ్లలో ఎందరికి ఈ బుడిపెలు ఉంటాయి? 2000లో వెలువడిన ఒక అధ్యయనంలో, అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 50-75 ఏళ్ల 3,121 మందిని చూస్తే 37.5 శాతం మందిలో అడినోమాలో, క్యాన్సరో దొరికాయి. అందులో క్యాన్సర్ 1 శాతం మందిలోనే. వాళ్లు దాదాపు అందరూ మగవాళ్లు, తిండీ వేరు, కాబట్టి ఆ లెక్క తెచ్చి వరంగల్‌కు అంటించలేం.

వయసు, పొగ, తాగుడు, ఊబకాయం, షుగర్, ఇంట్లో ఇంకొకరికి వచ్చి ఉండటం: ముప్పు పెంచేవి ఇవి. మన దావత్‌ల మటన్‌కూ కొంత వాటా ఉండొచ్చు. పాపం, చిన్నాయన మానేసిన కారం మాత్రం ఈ జాబితాలో లేదు.

మన దేశంలో ఈ జబ్బు అమెరికాతో పోలిస్తే చాలా తక్కువ. 2016లో కేంద్రం 30 దాటినవాళ్లకు స్క్రీనింగ్ పద్ధతి, అంటే ఏ బాధా లేకున్నా ముందే పరీక్షించి చూసే పద్ధతి, ఖరారు చేసినప్పుడు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లనే తీసుకుంది. పెద్దపేగు అందులో లేదు. అందరికీ కొలనోస్కోపీ అంటే మన జిల్లాల్లో అయ్యే పనీ కాదు, ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. కానీ రక్తం పడుతున్న మనిషి స్క్రీనింగ్ లెక్కలోకే రాడు, అతను రోగి. నలభై దాటినవాడికి లోపల చూడకుండా మొలల మందు రాసివ్వడం దగ్గరే నా పేచీ.

తండ్రికి వచ్చిందంటే పిల్లలు నలభైకో, ఆయనకు బయటపడ్డ వయసుకు పదేళ్ల ముందో, ఏది ముందైతే అప్పుడు చూపించుకోవాలంటారు. ఆ లెక్కన చిన్నాయన కొడుక్కి మొన్న 37 నిండగానే వంతు వచ్చింది. ముందురోజు పేగు శుభ్రం కావడానికి పొడి కలిపిన నీళ్లు తాగి రాత్రంతా బాత్రూమ్ చుట్టే తిరిగాడు. ఒక బుడిపె కనిపిస్తే అక్కడికక్కడే తీసేశారు. మళ్లీ ఎప్పుడు రావాలో చీటీ మీద రాసిచ్చారు.